రోబోలతో మనుషుల తీరుపై పరిశోధనలను ఎంతవరకు నమ్మొచ్చు?

"ప్రమాదంలో జనం రోబో చెప్పిందే వింటారట, నిజమేనా?" అని అడిగారు. ఆ మాట 2016లో అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీ చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. కొందరిని అప్పటికే తప్పు గదిలోకి తీసుకెళ్లిన రోబో అది. ఉత్తుత్తి పొగ కమ్మి, అలారం మోగాక వెనకవైపు దారి చూపిస్తే, ఎగ్జిట్ బోర్డున్న తలుపు వదిలేసి దాదాపు అందరూ అటే వెళ్లారు.

ప్రయోగం భలేగా ఉంది, కాదనను. కానీ పాల్గొన్నది 42 మంది, ఎక్కువమంది కాలేజీ విద్యార్థులే. రోబోను చాటునుంచి నడిపింది ఒక పరిశోధకుడు. ఈ రంగంలో ఇది మామూలే: కదలిక రోబోది, బుర్ర మనిషిది. మరి జనం నమ్మింది యంత్రాన్నా, ఆ ఆపరేటర్‌నా? పైగా యూనివర్సిటీ బిల్డింగులో మనకేం కానివ్వరులే అన్న ధీమా కొందరికైనా ఉండే ఉంటుంది.

కొత్త మోజు ఇంకో చిక్కు. అరగంట చూసి మంచి మార్కులేసినవాళ్లు, అదే రోబో నెల్లాళ్లు ఇంట్లో తిరిగితే అలాగే వేస్తారని చెప్పలేం.

ఇవన్నీ తేలాలంటే వేరే చోట, వేరే వయసువాళ్లతో మళ్లీ చేసి చూడాలి. అదే కష్టం. ఒక ల్యాబ్ సొంతంగా తయారుచేసుకున్న రోబో, దాని సాఫ్ట్‌వేర్ పక్క ల్యాబ్‌లో దొరకవు. కాబట్టి ఒక్క ప్రయోగం చూసి "మనుషులింతే" అని రాసిన వార్తను కాస్త అనుమానంగానే చదవండి.