తెగిన తుది

సందేహం: ఇంటర్మీడియట్ పిల్లలకు తెలుగు మాధ్యమంలో జీవశాస్త్రం చెబుతాను. ఎం-ఆర్‌ఎన్‌ఏ (జన్యువులోని సందేశాన్ని మోసే అణువు) పాఠంలో రెండు చిక్కులు వచ్చాయి. దాని మొదటి కొసన చేరే ‘క్యాప్’ను ‘మకుటం’ అనవచ్చునా? రెండో కొసను ఒక అనువాదంలో ‘3 ప్రైమ్ ముగింపు’ అని, ఒకచోట ‘చివర’ అని, ఇంకోచోట ‘తుది’ అని రాశారు. జన్యువును చదివే ఎంజైమ్ ఎక్కడ ఆగితే అక్కడే కదా ఆర్‌ఎన్‌ఏ అయిపోయేది? అలాంటప్పుడు ‘ముగింపు’ అంటే తప్పేమిటి?
– ఒక ఉపాధ్యాయిని, నెల్లూరు

సమాధానం: ‘ముగింపు’ తప్పేనమ్మా. ముగింపు కథకు ఉంటుంది, సభకు ఉంటుంది. తాడుకూ కర్రకూ అణువుకూ ఉండేది కొస. ఇంగ్లీషువాళ్లు రెంటికీ ఒకే మాట వాడుకుంటారు కనుక మన అనువాదకులు నిఘంటువులో ముందు కనబడిన అర్థాన్ని దించేస్తున్నారు. ఆ వరసలోనే ‘5 ప్రైమ్ ముగింపు’ అని కూడా అచ్చువేస్తున్నారు. ఆర్‌ఎన్‌ఏ తయారీ మొదలయ్యేదే ఆ కొసన! మొదలును ముగింపు అని నేర్చుకున్న పిల్లవాడికి ఆ తర్వాత ఏ పటమూ అర్థం కాదు.

ఇక, ఎంజైమ్ ఆగిన చోట ఎం-ఆర్‌ఎన్‌ఏ అయిపోతుందన్నారు. అది నిజం కాదు. నిజం కాదు కనుకనే ‘తుది’ అనే మాట మీద నాకు ఇంత పట్టుదల.

తుద, తుది అచ్చమైన ద్రావిడ పదాలు. కన్నడంలో ‘నాలగె తుది’ అంటే నాలుక కొన, ‘బెట్టద తుది’ అంటే కొండ కొమ్ము. మన ‘తుట్టతుద’కు వాళ్ల ‘తుత్తతుది’ తోబుట్టువు. దీన్నిబట్టి ఈ మాటకు మొన, అగ్రం అనే తావును చెప్పే అర్థం ముందు పుట్టి, కాలాన్ని చెప్పే అర్థం తరవాత వచ్చిందని తోస్తుంది. ఇవాళ తెలుగులో తావు అర్థం సన్నగిల్లింది. పత్రికల్లో తుదిశ్వాస, తుదితీర్పు, తుదిపోరు తప్ప ‘తుది’ కనిపించదు. ‘తుది ఫైనల్’ అని రాసేవాళ్లూ ఉన్నారు. ఒక నిండు మాటను ఇలా మూడు చోట్ల కట్టిపడేయడం నాకు కష్టంగా ఉంటుంది.

ఈ మాటను పోతన ఎక్కడ నిలిపాడో చూడండి. గజేంద్రమోక్షంలో ఏనుగు తలచుకునే పరతత్త్వం ‘లోకంబులు లోకేశులు లోకస్థులుఁ దెగిన తుది’న, ఆ పెంజీకటికి అవ్వల వెలుగుతుంది. లోకాలూ వాటి ఏలికలూ అక్కడ ఉండేవాళ్లూ అంతా నశించాక అని భావం. ఇక్కడ ‘తెగు’ అంటే నశించు. అయితే తెలుగువాడి చెవికి ఆ క్రియలో కోత కూడా వినిపిస్తుంది. తీగె తెగుతుంది, తాడు తెగుతుంది, ఆశ తెగుతుంది. ముందు తెగడం, తరవాత తుది. పైగా ఆ తుదితో అంతా అయిపోలేదు, ‘అవ్వల’ ఇంకా ఉంది. రెండు మాటల్లో ఇంత క్రమం పెట్టగలవాడు పోతనే. పద్యంలో జీవశాస్త్రం దాగి ఉందని నేను అనడం లేదు, అలా అనేవాళ్ల మాట నమ్మకండి కూడా. ‘తుది’కి ముందు ‘తెగిన’ చేర్చే వాడుక మనకు ఉందనీ, ఆ వాడుక మీ పాఠానికి అచ్చంగా సరిపోతుందనీ మాత్రం అంటున్నాను.

ఎలా సరిపోతుందంటే, జన్యువును చదివే పాలిమరేజ్-2 అనే ఎంజైమ్ సందేశం అయిపోయిందని ఆగదు. ఎం-ఆర్‌ఎన్‌ఏకు తుది కావలసిన చోటు దాటి వందల, ఒక్కోసారి వేల అక్షరాలు (న్యూక్లియోటైడ్లు) చదువుకుంటూ పోతుంది. ఈలోగా దాని వెనక బయటికి వచ్చిన ఆర్‌ఎన్‌ఏ పోగులో ఎ-ఎ-యు-ఎ-ఎ-ఎ అనే ఆరక్షరాల గుర్తు ఉంటుంది. ప్రౌడ్‌ఫుట్, బ్రౌన్లీ అనే శాస్త్రవేత్తలు 1976లో దీన్ని పట్టుకున్నారు. సీపీఎస్ఎఫ్ అనే ప్రోటీన్ల కూటమి ఆ గుర్తు మీద కూర్చుంటుంది. దానికి దిగువన జి, యు అక్షరాలు దట్టంగా ఉన్న తావు మీద సీఎస్‌టీఎఫ్ అనే మరో కూటమి కూర్చుంటుంది. రెండు పట్లూ కుదిరితే గుర్తు తరవాత 10 నుంచి 30 అక్షరాల దూరంలో, చాలావరకు సి-ఎ జంట వెంటనే, కోత పడుతుంది. కోసేది సీపీఎస్ఎఫ్‌లోని 73 అనే అంగం, అది జింకు అయాన్లతో పనిచేస్తుంది. మీరు ‘3 ప్రైమ్’ అని పేరుపెట్టే కొస పుట్టేది ఈ కోతతోనే. అందుకే అది తెగిన తుది.

కోత అవతల మిగిలిన పోగుకు క్యాప్ ఉండదు, దాని మొదటి కొసన ఒక్క ఫాస్ఫేటు మాత్రమే ఉంటుంది. అలాంటి కొస దొరికితే ఎక్స్‌ఆర్‌ఎన్-2 అనే ఎంజైమ్ వదలదు. ఆ పోగును తింటూ పాలిమరేజ్ వెంటపడి, దాన్ని అందుకుని డీఎన్‌ఏ మీదనుంచి దించుతుందని ఒక వివరణ. గుర్తు దాటాక పాలిమరేజే నెమ్మదించి పట్టు సడలిస్తుందని ఇంకో వివరణ. రెండూ కలిసే జరుగుతాయన్నది ఇప్పటి అవగాహన. ఏదైనా వరస మాత్రం ఇది: ముందు కోత, ఆ తరవాతే పాలిమరేజ్ ఆగడం. బోర్డు మీద మీరు బాణాలు గీసేటప్పుడు ఈ వరస తారుమారు కాకూడదు.

‘మకుటం’ సంగతి. అర్థం కిరీటమే, కిరీటం ఉండేది తలమీదే, కాబట్టి మొదటి కొసకు చెల్లుతుంది. కాని శతకాలు చదువుకున్నవాళ్లకు మకుటం అనగానే పద్యం చివర వచ్చే ‘దాశరథీ కరుణాపయోనిధీ’ గుర్తొస్తుంది. తలకు పెట్టవలసిన పేరు విని తోకవైపు చూసే ప్రమాదం ఉంది. మరోపక్క, శతకంలో పద్యం ఏదైనా మకుటం ఒక్కటే. ఇక్కడా అంతే. ఇన్సులిన్ సందేశమైనా గ్లోబిన్ సందేశమైనా మన కణాల్లో తలకు చేరేది 7-మిథైల్ గ్వానోసిన్ అనే ఆ ఒక్క క్యాపే. ఆ పోలిక నచ్చితే వాడుకోండి, నేను అడ్డుచెప్పను. పిల్లలు ‘టోపీ’ అంటే మందలించకండి, అందులో కొసల గందరగోళమైనా లేదు.

అది చేరే తీరు మాత్రం సరిగ్గా చెప్పండి. పోగు 20–30 అక్షరాల పొడవు కాగానే, ఇంకా తయారవుతూ ఉండగానే పని మొదలవుతుంది. మొదటి అక్షరానికి ఉన్న మూడు ఫాస్ఫేట్లలో బయటిదాన్ని ఒక ఎంజైమ్ తీసేస్తుంది. రెండోది జీటీపీ నుంచి గ్వానోసిన్‌ను ఒక ఫాస్ఫేటుతో సహా తెచ్చి 5 ప్రైమ్‌కు 5 ప్రైమ్ ఎదురుగా, అంటే తలకు తల ఆనించి కలుపుతుంది. మూడోది గ్వానిన్‌లోని ఏడో నైట్రోజన్‌కు మిథైల్ తగిలిస్తుంది. ఆ తిరగబడ్డ బంధం వల్లనే 5 ప్రైమ్ నుంచి కొరికే ఎంజైములకు పట్టు దొరకదు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌కు ఈ క్యాప్ తయారు చేసుకునే శక్తి లేదు. మన కణం ఆర్‌ఎన్‌ఏల తలలను 10–13 అక్షరాలతో సహా నరికి తన సందేశాలకు తగిలించుకుంటుంది.

మళ్లీ తుది దగ్గరికి వస్తే, అక్కడ ఒక్క అక్షరం మారితే ఏమవుతుందో తరగతిలో తప్పక చెప్పండి. ఆల్ఫా-2 గ్లోబిన్ జన్యువులో ఆ ఆరక్షరాల గుర్తులో చివరి ‘ఎ’ ‘జి’గా మారిన కుటుంబాలున్నాయి. గుర్తు చెదిరింది కనుక సరైన చోట కోత సరిగా పడదు, పనికొచ్చే ఎం-ఆర్‌ఎన్‌ఏ తగ్గిపోతుంది, ఆల్ఫా థలసీమియా అనే రక్తవ్యాధి వస్తుంది. ఇది 1983లో తేలింది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోత్రాంబిన్ అనే ప్రోటీన్ జన్యువులో దీనికి ఎదురు. అక్కడ 20210వ స్థానంలో, సరిగ్గా కోత పడే చోట, ‘జి’ ‘ఎ’ అవుతుంది. సి-జి కాస్తా కోతకు ఇష్టమైన సి-ఎ అయింది. కోత మరింత చక్కగా పడుతుంది, ఎం-ఆర్‌ఎన్‌ఏ పెరుగుతుంది, రక్తంలో ప్రోత్రాంబిన్ పెరుగుతుంది, సిరల్లో గడ్డలు కట్టే ముప్పు పెరుగుతుంది. ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లమైనా మారలేదు. ‘చివర ఉండే అనవసర భాగం’ అని రాసే గైడ్లను ఈ ఒక్క ఉదాహరణతో పక్కన పెట్టించవచ్చు.

తుదికి చేరే ‘ఎ’ల వరసకు ‘తోక’ మంచి మాటే, నవ్వితే నవ్వనివ్వండి. తెగిన తుదికి పాలీ-ఎ పాలిమరేజ్ ఏ అచ్చూ చూడకుండా ఏటీపీ నుంచి ఒక్కో ‘ఎ’ తీసి అతికిస్తుంది. మొదటి పదీ పన్నెండూ నెమ్మది. ఆ మాత్రం తోక రాగానే పీఏబీపీఎన్-1 అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది, అక్కడినుంచి పని వడివడిగా సాగి మన కణాల్లో సుమారు 250 దగ్గర నెమ్మదిస్తుంది. కేంద్రకం బయట కణద్రవ్యంలో ఆ తోకను సీసీఆర్4-నాట్ వంటి ఎంజైములు అరగదీస్తూ ఉంటాయి. బాగా అరిగిపోయాక డీసీపీ-2 అనే ఎంజైమ్ వచ్చి అవతలి కొసన టోపీ ఊడదీస్తుంది, ఆ పైన సందేశం నిలవదు. ఫైజర్–బయోఎన్‌టెక్ కోవిడ్ టీకాలో తోకను ఇలా అతికించలేదు, డీఎన్‌ఏ అచ్చులోనే రాసిపెట్టారు: 30 ‘ఎ’లు, 10 అక్షరాల అడ్డు, మళ్లీ 70 ‘ఎ’లు.

తుదినీ తోకనూ పర్యాయపదాలుగా మాత్రం రాయకండి. కణవిభజనకు ముందు డీఎన్‌ఏతో పాటు కుప్పలుగా తయారయ్యే హిస్టోన్ల (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్ల) ఎం-ఆర్‌ఎన్‌ఏలకు తోక ఉండదు. వాటి తుదిన పోగు తనమీద తాను మడతపడి ఒక చిన్న మెలిక ఉంటుంది. కోసేది అక్కడా సీపీఎస్ఎఫ్-73యే, చోటు చూపేది యు-7 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ. ప్రయోగశాలలో ‘టి’ల గొలుసు అంటించిన పూసలతో ఎక్కువ ఉప్పులో ఎం-ఆర్‌ఎన్‌ఏను పట్టి, తక్కువ ఉప్పులో వదిలించే పద్ధతి మీ పాఠంలో ఉంటే, ఈ హిస్టోన్ల సందేశాలు ఆ పూసలకు అంటవని కూడా చెప్పండి.

జవాబుపత్రాల్లో ‘3 ప్రైమ్ కొస’ అని ఉంటే మార్కులు వేయండి, ‘కొన’కూ వేయండి. ‘చివర’ను పూర్తిగా తప్పనలేను, మాట్లాడేటప్పుడు అందరం అంటాం. ‘ముగింపు’ను ఎర్రసిరాతో కొట్టి పైన ‘తుది’ అని రాయండి.