గాలికొండ దగ్గర ఊయల కట్టబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మొన్న ఫోన్‌లో చెప్పబోతే సిగ్నల్ పోయింది, అందుకే రాస్తున్నాను. అరకు దారిలో అనంతగిరి కాఫీ తోటల వైపు, గాలికొండ దగ్గర ఊయల కట్టుకుని పడుకుంటామన్నావు. పేరులోనే గాలి ఉన్న చోటు నాన్నా.

ముందు చెట్టు చూసుకో. కాఫీకి నీడగా పెంచే సిల్వర్ ఓక్ నిటారుగా, కట్టడానికి అనువుగా కనిపిస్తుంది కానీ కొమ్మలు పెళుసు. తలెత్తి చూడు, పైన ఎండుకొమ్మ ఒక్కటున్నా ఆ చెట్టు వద్దు. మిరియాల తీగ పాకిన చెట్టు జోలికి అసలే పోకు, అది ఎవరిదో ఏడాది పంట. తోటవాళ్ళని అడిగాకే దిగండి.

ఇక ఊయల మీద కప్పుగా కట్టే బరకం. లోపల నిలబడి టీ పెట్టుకోవచ్చని నేనొకసారి తలకంటే ఎత్తులో కట్టాను, కొస గాలికి ఎదురుగా. అర్ధరాత్రి గాలి ఆ నోట్లోంచి దూరి బరకాన్ని తెరచాపలా ఉబ్బించింది. నేలలో దిగ్గొట్టిన మేకు ఊడి, తాడు చివర చీకట్లో గిరగిరా తిరుగుతుంటే మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని పాక్కుంటూ వెళ్ళి పట్టుకున్నాను. ఆ భయం ఇప్పటికీ పోలేదు.

ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ళు చూశావుగా, చూరు ఎంత కిందికి దిగి ఉంటుందో! నీ బరకమూ అలాగే ఉండాలి. గాలికి అడ్డంగా ఊయల వచ్చేలా రెండు చెట్లు ఎంచుకో. గాలి వచ్చే వైపు అంచు దాదాపు నేలకి ఆనాలి. వెన్నుతాడు, అంటే బరకం నడిమధ్యన దాన్ని మోసే తాడు, ఊయల మీద జానెడు ఎత్తులో ఉంటే చాలు. దాన్ని ఊయల తాళ్ళకి కాదు, విడిగా చెట్టుకే కట్టు. లేకపోతే నువ్వు పడుకోగానే బరకం వదులైపోతుంది.

మేకు తల బరకానికి దూరంగా వాలేలా ఏటవాలుగా దిగ్గొట్టి, తాడు పొడుగ్గా వదులు. పొట్టి తాడు మేకుని పైకి పీకేస్తుంది. నేల మెత్తగా ఉంటే పైన బరువైన రాయి పెట్టు. పక్క తాళ్ళకి తలా జానెడు ఎలాస్టిక్ కలిపితే విసురుగాలి దెబ్బ మేకు దాకా పోదు. నైలాన్ బరకం తడిస్తే సాగుతుంది, పడుకునే ముందు మళ్ళీ బిగించు. రాత్రి అది టపటపలాడితే బద్ధకించకుండా లే.

వీపు కింద నుంచి చలి కొడుతుంది, ఫోమ్ మ్యాట్ మర్చిపోకు. చెట్లు మొదలంటా కదులుతున్నాయనిపిస్తే మాత్రం అన్నీ అక్కడే వదిలేసి బండి దగ్గరికి వచ్చేయండి, సామాను పోయినా పర్లేదు.

నా దగ్గర గట్టి మేకులు ఎనిమిది ఉన్నాయి. శనివారం వచ్చి తీసుకెళ్ళు.

మీ మావయ్య