చేత్తో నడిపితే సరే, క్రాన్‌లో పెడితే సున్నా

(ఆదేశాలన్నీ తెలుగు లిపిలో ఇస్తున్నాం. సర్వర్‌లో టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు వాడండి. వేరియబుల్ పేర్లు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉండాలి.)

ప్రశ్న: ఉబుంటు సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) బ్యాకప్ స్క్రిప్టును క్రాన్‌లో (చెప్పిన వేళకు పనులను తానే నడిపే సాధనం) పెట్టాను. టెర్మినల్‌లో నడిపితే బ్యాకప్ చక్కగా వస్తోంది. క్రాన్‌లో ఫైలు పుడుతోంది గానీ సైజు సున్నా. పాస్‌వర్డు, పాత్ (ఆదేశాలను వెతికే ఫోల్డర్ల జాబితా) రెండూ .బాష్‌ఆర్‌సీలో ఎక్స్‌పోర్ట్ చేసే ఉన్నాయి. లోపం ఎక్కడ?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ .బాష్‌ఆర్‌సీని క్రాన్ అసలు చదవదు. మీరు టెర్మినల్ తెరిచినప్పుడు బాష్ (మీ ఆదేశాలను అందుకుని నడిపే షెల్) ఆ ఫైలు చదివి వేరియబుల్స్ సిద్ధం చేస్తుంది. క్రాన్‌కు ఆ వరస లేదు. అది సాధారణంగా ఇచ్చేవి హోమ్, లాగ్‌నేమ్, షెల్, పాత్. వీటికి తోడు ఒకటి రెండు. షెల్ కూడా బాష్ కాదు, /బిన్/ఎస్‌హెచ్. పాత్‌లో ఉండేవి /యూఎస్‌ఆర్/బిన్, /బిన్ మాత్రమే.

సున్నా సైజుకు కారణం స్క్రిప్టులో ఫలితాన్ని ఫైలులోకి మళ్లించే ‘>’ గుర్తు. ఆదేశం మొదలయ్యే ముందే షెల్ ఖాళీ ఫైలు సృష్టిస్తుంది. ఆ తర్వాత పీజీ_డంప్ (బ్యాకప్ తీసే ఆదేశం) దొరక్కపోయినా, పాస్‌వర్డు అందకపోయినా ఫైలు అలాగే ఖాళీగా మిగులుతుంది. టెర్మినల్ లేదు కాబట్టి పాస్‌వర్డు అడిగే వీలూ లేదు.

ఊహించడం మానేసి ముందు కళ్లారా చూడండి. క్రాన్‌ట్యాబ్‌లో (క్రాన్ పనుల జాబితా) ఈ వరుస చేర్చండి:

* * * * * ఎన్వ్ | సార్ట్ > /టీఎంపీ/క్రాన్.టీఎక్స్‌టీ

నిమిషం ఆగి ఆ వరుస తీసేయండి. టెర్మినల్‌లో ‘ఎన్వ్ | సార్ట్’ ఫలితాన్ని మరో ఫైలులో పెట్టి, రెంటినీ డిఫ్‌తో పోల్చండి. పీజీపాస్‌వర్డ్ (పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డు ఉండే వేరియబుల్) ఒక వైపే కనిపిస్తుంది. అసలు వరుస చివర ‘>> /టీఎంపీ/బ్యాకప్.లాగ్ 2>&1’ తప్పక పెట్టండి. లేకపోతే ఎర్రర్లు మెయిల్‌కు వెళ్లాలి. సర్వర్‌లో మెయిల్ ఏర్పాటు లేకపోతే పోయినట్టే.

‘స్క్రిప్టు మొదట్లో .బాష్‌ఆర్‌సీని లోడ్ చేస్తే సరి’ అని చాలామంది చెబుతారు. ఉబుంటులో అది పనిచేయదు. ఆ ఫైలు తొలి వరుసల్లోనే ‘ఇంటరాక్టివ్ షెల్ కాకపోతే వెనక్కి వెళ్లు’ అనే షరతు ఉంటుంది. మీరు ఎక్స్‌పోర్టులన్నీ కింద రాసుకున్నారు, అక్కడిదాకా చేరనే చేరదు.

పాస్‌వర్డుకు మా సలహా హోమ్ ఫోల్డర్‌లో .పీజీపాస్ ఫైలు. హోమ్‌ను క్రాన్ ఇస్తుంది కాబట్టి అది దొరుకుతుంది. ‘సీహెచ్‌మాడ్ 600’ (ఫైలు మీరొక్కరే చదివి, రాసే అనుమతి) మరవకండి. అనుమతులు అంతకన్నా వదులుగా ఉంటే పోస్ట్‌గ్రెస్ ఆ ఫైలును పట్టించుకోదు. మిగతా వేరియబుల్స్‌ను విడిగా .ఎన్వ్ ఫైలులో పెట్టి, స్క్రిప్టు మొదట్లో ఈ మూడు వరుసలు రాయండి:

సెట్ -ఏ
. /హోమ్/యాప్/.ఎన్వ్
సెట్ +ఏ

రెండో వరుసలో ఉన్నది చుక్క, తర్వాత ఖాళీ. అక్కడ ‘సోర్స్’ రాస్తే ఎస్‌హెచ్‌కు అర్థం కాదు. ఆ ఫైలును విండోస్‌లో దిద్ది ఉంటే ‘క్యాట్ -ఏ’తో (ఇక్కడ ఏ పెద్ద అక్షరం) ఒకసారి చూడండి. వరుస చివర ^ఎం కనిపిస్తే అది విలువకే అతుక్కుంటుంది, సరైన పాస్‌వర్డూ తప్పు అవుతుంది.

ఇంకొకటి: క్రాన్‌ట్యాబ్‌లో పాత్ రాస్తే ఫోల్డర్లన్నీ పూర్తిగా రాయాలి. అక్కడ $పాత్ విస్తరించదు, అక్షరాలా అలాగే ఉండిపోతుంది.

ప్రశ్న: ఫైలు పేరులో తేదీ రావాలని క్రాన్‌ట్యాబ్‌లో ‘డేట్ +%ఎఫ్’ (ఇక్కడ ఎఫ్ పెద్ద అక్షరం) రాశాను. ఆదేశం సగంలో తెగిపోతోంది.
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: క్రాన్‌ట్యాబ్‌లో % అంటే కొత్త వరుస. మొదటి % తర్వాతిదంతా ఆదేశానికి ఇన్‌పుట్‌గా పోతుంది. \% అని రాయండి, లేదా ఆ పనిని స్క్రిప్టులోకి మార్చండి. అక్కడ ఈ బెడద లేదు.

ప్రశ్న: రాత్రి 2 గంటలకు పెట్టిన పని ఉదయం 7:30కి జరుగుతోంది.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది, మన సమయం దానికి 5:30 ముందు. ‘టైమ్‌డేట్‌సీటీఎల్’తో సరిచూసుకుని ‘30 20 * * *’ అని మార్చండి. అయితే సర్వర్ లెక్కలో అది ముందురోజు రాత్రి. సోమవారం తెల్లవారుజామున జరగాల్సిన వారపు పనికి ఆదివారం, అంటే చివర్లో 0 రాయాలి. ఫైలు పేరులో తేదీ కూడా ముందురోజుదే పడుతుంది. టైమ్‌జోన్‌నే మారిస్తే క్రాన్‌ను రీస్టార్ట్ చేయండి, అప్పటిదాకా అది పాత సమయం మీదే నడవవచ్చు.