సినిమా లీకైన రోజున హక్కు ఎవరిది?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. మా అబ్బాయికి చిన్నప్పటి నుంచి సినిమాలంటే ప్రాణం. వాడి మాట కాదనలేక ఎకరం పొలం అమ్మి, 38 లక్షలు పెట్టి సినిమా తీయించాను. టైటిల్స్‌లో నిర్మాతగా నా భార్య పేరు వేశాం. థియేటర్లు దొరకక, చిన్న సినిమాలను ఓటీటీలకు చేర్చే ఒక అగ్రిగేటర్ కంపెనీ ద్వారా ఓటీటీలో విడుదల చేశాం. వాళ్ల అగ్రిమెంటు మీద మా అబ్బాయి సంతకం చేశాడు. అడ్వాన్సు 4 లక్షలు నా ఖాతాలో పడ్డాయి, ఆ తర్వాత రూపాయి రాలేదు. విడుదలైన రాత్రే సినిమా పైరసీ సైట్లలోకి వచ్చేసింది. ఇది జరిగి రెండేళ్ల నాలుగు నెలలు. వీడియోలు పెట్టుకునే ఒక వెబ్‌సైటుకు మా అబ్బాయి మెయిల్ పెడితే లింకు తీసేశారు, నెల తిరగకుండానే మళ్లీ పెట్టారు. ఆ తర్వాత ఎన్ని మెయిల్స్ పెట్టినా జవాబు లేదు. పోలీసులేమో ఇది సివిల్ వ్యవహారం అన్నారు. పెద్ద ఓటీటీ కంపెనీలు ఢిల్లీలో లాబీయింగ్ చేసి తమ కోసం చట్టాలు చేయించుకున్నాయని, మాలాంటి వాళ్లను పట్టించుకునే వాళ్లు లేరని నా నమ్మకం. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. సినిమా హక్కులు మా అబ్బాయికి ముందే ఇచ్చినట్టు పాత తేదీతో స్టాంపు పేపరు రాయిద్దామని తెలిసిన గుమాస్తా ఒకాయన అంటున్నాడు. మాకు న్యాయం జరిగే దారి చెప్పండి.

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంది, పైన ఇచ్చింది దాని సారాంశమే. అగ్రిమెంటు గురించి అందులో ఉన్నది ఒకటిన్నర వాక్యం, మీ కేసు తేలేది దాని మీదే. సినిమా లీకైన రోజున దాని ఆన్‌లైన్ హక్కు ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్నకు కాగితం చూపించి జవాబు చెప్పగలిగినవాళ్లే నోటీసు ఇవ్వగలరు, దావా వేయగలరు, నష్టపరిహారం అడగగలరు.

ముందు ఆ లింకు సంగతి చెప్తాను. తీసేసిన లింకు మళ్లీ రావడం వెనక కుట్ర ఉందని మీరు అనుకుంటున్నారు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52(1)(సి), 2013 కాపీరైట్ నియమాల్లో 75వ నియమం చదివితే కారణం తెలుస్తుంది. హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, దానితో సంతృప్తి చెందిన వెబ్‌సైటు 36 గంటల్లోగా ఆ లింకును అందకుండా చేయాలి. కానీ అది 21 రోజుల వరకే. ఈలోగా కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చి చూపించకపోతే లింకును తిరిగి పెట్టుకోవచ్చు. అదే చోట ఉన్న అదే కాపీ గురించి అదే మనిషి మళ్లీ నోటీసు ఇస్తే, దానికి స్పందించాల్సిన బాధ్యత కూడా వాళ్లకు ఉండదు. కోర్టుకు వెళ్లి 21 రోజుల్లో ఉత్తర్వు తెస్తానని ఫిర్యాదులోనే హామీ రాయాలని నియమం చెబుతోంది. మీ అబ్బాయి మెయిల్ పెట్టి, లింకు పోయిందని సంతోషించి ఊరుకున్నాడు. ఆ మూడు వారాల్లో మీలో ఒక్కరూ వకీలు గడప తొక్కలేదు. ఈ అజాగ్రత్తకు మీరు ఎవరినీ తప్పుపట్టలేరు.

ఇక లాబీయింగ్. మీ అనుమానానికి ఆధారం లేదని నేను అనను. పైరసీ చట్టాల వెనక పెద్ద సంస్థల ఒత్తిడి ప్రపంచమంతటా ఉంది. అమెరికాలో సోపా అనే పైరసీ వ్యతిరేక బిల్లు కోసం సినిమా స్టూడియోలు గట్టిగా పట్టుబట్టాయి. దాన్ని వ్యతిరేకిస్తూ 2012 జనవరి 18న ఇంగ్లిష్ వికీపీడియా తన పేజీలను ఒక రోజంతా మూసేసింది, ఆ బిల్లు అక్కడే ఆగిపోయింది. 2019లో నెట్‌ఫ్లిక్స్ కూడా ఆ స్టూడియోల సంఘంలో చేరింది. అయితే లాబీయింగ్ చేసేవాళ్లు పేరు నమోదు చేసుకుని, ఎవరి తరఫున ఎంత ఖర్చు పెట్టారో చెప్పాలని అక్కడ 1995 నుంచి చట్టం ఉంది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. అందుకే ఇక్కడ ఏ కంపెనీ ఏం అడిగిందో, ఎవరిని కలిసిందో మామూలు మనిషికి కనిపించదు. ఇది నిజమైన లోపం, దీన్ని సరిచేయాలని నేను గట్టిగా కోరుకుంటాను.

కానీ చట్టం పెద్దవాళ్లకే పనికొస్తుందన్న మీ నమ్మకం తప్పు. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం చూడండి. పైరసీకి మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా పెట్టింది. ఆ జరిమానా ఆడిట్ చేసిన నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా పోవచ్చు. అందులో థియేటర్లో రికార్డింగును నిషేధించే సెక్షన్ మీకు పనికిరాదు, మీ సినిమా థియేటర్‌కే వెళ్లలేదు కాబట్టి. పైరసీ కాపీని లాభం కోసం జనానికి చూపించడాన్ని నిషేధించే సెక్షన్ 6ఏబీ మీకు పనికొస్తుంది. అందులో పెద్ద నిర్మాత, చిన్న నిర్మాత అన్న తేడా ఎక్కడా లేదు. అలాగే 2019లో ఢిల్లీ హైకోర్టు డైనమిక్ ఇంజంక్షన్ అనే నిషేధ ఉత్తర్వు ఇచ్చింది. పైరసీ సైటు పేరు మార్చుకుని వస్తే మళ్లీ కొత్త దావా వేయక్కర్లేకుండా ఆ కొత్త పేరును కూడా అదే ఉత్తర్వు కిందికి తేవచ్చు. అది తెచ్చుకున్నది పెద్ద కంపెనీలే, నిజమే. కానీ ఆ తీర్పును మీరు కూడా ఉదహరించవచ్చు. పైగా కాపీరైట్ చట్టం సెక్షన్ 62 ప్రకారం హక్కుదారు తాను నివసించే చోటే దావా వేయవచ్చు. ఢిల్లీ, ముంబై తిరగాల్సిన పని లేదు. చట్టం మీకు ఇచ్చినవాటిలో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. డబ్బు మీది. నిర్మాతగా తెర మీద పేరు మీ భార్యది. సంతకం మీ అబ్బాయిది. చట్టం దృష్టిలో సినిమాకు కర్త నిర్మాతే, మొదటి హక్కుదారూ నిర్మాతే. సినిమా నిర్మాణానికి చొరవ తీసుకుని బాధ్యత మోసినవారు నిర్మాత అని కాపీరైట్ చట్టం సెక్షన్ 2(యుయు) చెబుతుంది. డబ్బు ఇచ్చినంత మాత్రాన ఎవరూ నిర్మాత అయిపోరు. దర్శకుడు అయినంత మాత్రాన మీ అబ్బాయి కూడా కాలేడు. విడుదలైన కాపీ మీద ఎవరి పేరుంటే వారే హక్కుదారని కోర్టు ముందుగా అనుకుంటుంది, కాదని రుజువు చేసే భారం అవతలివాళ్ల మీద పడుతుంది. అంటే ఈ క్షణాన చట్టం ముందు బలంగా ఉన్నది మీ భార్య పేరు. మీ ఉత్తరంలో ఆవిడ ప్రస్తావన ఒక్కచోట ఉంది.

హక్కుల బదిలీ కాగితం మీద హక్కుదారు గానీ, ఆవిడ అధికారం ఇచ్చిన మనిషి గానీ సంతకం చేయాలని సెక్షన్ 19 అంటుంది. మీ అబ్బాయికి అలాంటి అధికారం రాసి ఇచ్చినట్టు లేదు. అలా అయితే అగ్రిమెంటే చెల్లదు కదా అని మీకు తట్టవచ్చు. తొందరపడకండి. అడ్వాన్సు మీ ఖాతాలో పడింది, మీరు వాడుకున్నారు, రెండేళ్లకు పైగా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఇంట్లో అందరూ ఒప్పుకునే చేశారని కోర్టు అనుకోవడానికి ఇది చాలు. కాబట్టి ఆ అగ్రిమెంటు మిమ్మల్ని కట్టి ఉంచుతుందనే ముందుకు సాగాలి. అందులో ఏముందో చూడాలి. హక్కును పూర్తిగా బదిలీ చేశారా, ఆ ఒక్క కంపెనీకే చెందేలా లైసెన్సు ఇచ్చారా, ఇంకెవరికైనా ఇవ్వగలిగే మామూలు లైసెన్సు ఇచ్చారా? మొదటి రెండిట్లో ఏదైనా సరే, పైరసీ మీద దావా వేసే హక్కు ఆ కంపెనీకి ఉంటుంది. పూర్తి బదిలీ అయితే ఆన్‌లైన్ హక్కు మేరకు మీకు మిగిలేది చాలా తక్కువ. కాలవ్యవధి రాయకపోతే చట్టం అయిదేళ్లుగా లెక్కిస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితం. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, వేరేలా రాసుకుని ఉంటే తప్ప, అది తిరిగి మీకే వస్తుంది. డబ్బింగ్, శాటిలైట్ హక్కులు వాళ్లు తీసుకుని ముట్టుకోకుండా ఉంటే అవి ఈపాటికి మీవే కావచ్చు.

మీ పొలం కొన్నవాళ్లు లింకు డాక్యుమెంట్లు, అంటే పాత దస్తావేజులు చూడకుండా డబ్బు ఇచ్చారా? మీ 38 లక్షల సినిమాకు అంతపాటి శ్రద్ధ మీరు చూపించలేదు.

ఆ గుమాస్తా మాట మాత్రం వినకండి. ఆయనతో ఈ విషయం ఇంకొకసారి మాట్లాడకండి కూడా. కోర్టులో సాక్ష్యంగా వాడాలని తప్పుడు సంగతితో కాగితం సృష్టించడం భారతీయ న్యాయ సంహిత 228, 229 సెక్షన్ల కింద నేరం, ఏడేళ్ల దాకా జైలు. సినిమా దొంగిలించిన వాడికి పడేది గరిష్ఠంగా మూడేళ్లు. స్టాంపు పేపరు ఏ రోజున ఎవరికి అమ్మారో వెండరు రిజిస్టరులో ఉంటుంది. అవతలి వకీలు ఆ రిజిస్టరు తెప్పించిన రోజున మీ నిజమైన కేసు కూడా అబద్ధమైపోతుంది. దీనికి చట్టబద్ధమైన దారి ఉంది. జరిగింది జరిగినట్టు రాసి, ఈ రోజు తేదీతోనే మీ భార్య ఒక ధ్రువీకరణ పత్రం ఇవ్వవచ్చు. తన తరఫున కొడుకు చేసిన పనిని ఆమోదిస్తే, కాంట్రాక్టు చట్టం 196వ సెక్షన్ ప్రకారం ఆ పని ఆవిడ ముందే అధికారమిచ్చి చేయించినట్టే లెక్క. కానీ ఒకసారి ఆమోదిస్తే అగ్రిమెంటులోని ప్రతి షరతునూ ఒప్పుకున్నట్టే. అందుకే అగ్రిమెంటు వకీలుకు చూపించాకే ఆ పత్రం మీద సంతకం పెట్టాలి.

గడువు గురించి. కాపీరైట్ ఉల్లంఘనకు నష్టపరిహారం అడగడానికి లిమిటేషన్ చట్టం 88వ అధికరణం ప్రకారం ఉల్లంఘన జరిగిన రోజు నుంచి మూడేళ్లు. విడుదల రాత్రి జరిగిన లీకు మీద మీకు మిగిలింది ఎనిమిది నెలలే. కొత్తగా పెట్టే ప్రతి లింకూ కొత్త ఉల్లంఘనే, దానికి కొత్త గడువు వస్తుంది. కానీ మీకు అసలు నష్టం జరిగింది మొదటి వారాల్లో. దాని గడువు దాటితే ఆ డబ్బు పోయినట్టే. అగ్రిగేటరు నుంచి రావాల్సిన వాటాకు కూడా మూడేళ్లే, బాకీ పడిన తేదీ నుంచి. క్రిమినల్ కేసుకూ మూడేళ్లే గడువు. అయితే నేరం చేసింది ఎవరో తెలియకపోతే, తెలిసిన రోజు నుంచి లెక్క.

సాక్ష్యాల సంగతి చదివి నాకు బాధ కలిగింది. స్క్రీన్‌షాట్లు తీసిన ఫోన్ అమ్మేశామని, అవి ఇప్పుడు బంధువుల వాట్సాప్‌లో ఉన్నాయని రాశారు. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన బొమ్మ నాణ్యత తగ్గుతుంది, అసలు ఫైలు వివరాలు పోతాయి. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం రికార్డు ఉన్న పరికరానికి బాధ్యుడైన మనిషి, రెండో భాగం నిపుణుడు రాయాలి, ఫైలు మారలేదని చూపించే హాష్ విలువ అనే కోడుతో సహా. ఇప్పుడు మీరు ఆ ఫోన్ ఎక్కడి నుంచి తెస్తారు? సినిమా ఇంకా దొరుకుతున్న ప్రతి లింకునూ ఈ వారమే కంప్యూటరులో రికార్డు చేయించండి. పూర్తి అడ్రసు, తేదీ, సమయం, అప్‌లోడ్ చేసిన ఖాతా పేరు కనిపించాలి. ఆ కంప్యూటరును మార్చకండి, ఫార్మాట్ చేయకండి. మీ అబ్బాయి మెయిల్స్‌లో వెబ్‌సైటు ఇచ్చిన మొదటి జవాబు భద్రంగా ఉంచండి. లింకు తీసేసిన తేదీకి మీ దగ్గరున్న గట్టి సాక్ష్యం అదే.

ఇంకొక సంగతి ఎవరూ చూసినట్టు లేరు. బయటికి వచ్చింది ఏ కాపీ? ఓటీటీ నుంచి రికార్డు చేసిందా, విడుదలకు ముందు ఎవరికో పంపిన ప్రివ్యూ కాపీయా? నిడివి, సబ్‌టైటిల్స్, మొదట్లో వచ్చే లోగో, సౌండ్ మిక్సింగ్ పోల్చి చూస్తే తెలిసిపోతుంది. ప్రివ్యూ కాపీ అయితే అనుమానితులు ఆ కాపీ అందుకున్న నలుగురైదుగురే, దర్యాప్తు చాలా సులువవుతుంది. మాస్టర్ కాపీ ఉన్న హార్డ్‌డిస్కును ఎవరికీ ఇవ్వకండి.

పోలీసుల మాట సరికాదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద కాపీరైట్ ఉల్లంఘన కాగ్నిజబుల్ నేరమని, అంటే పోలీసులు నేరుగా కేసు పెట్టి దర్యాప్తు చేయగల నేరమని సుప్రీంకోర్టు 2022 మే నెలలో నిట్‌ప్రో కేసులో తేల్చింది. ఆ తీర్పు ప్రతి జతచేసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. తీసుకోకపోతే పోస్టులో ఎస్పీకి పంపండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు కోర్టులో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసుల విధానం చెప్పే చట్టం) 175(3) కింద అర్జీ వేయాలి. ఫిర్యాదు మీద మీ భార్య సంతకం ఉండాలి.

డబ్బు విషయంలో మాత్రం పైరసీ సైటు మీద ఆశ పెట్టుకోకండి. పేరూ ఊరూ తెలియని వాడి మీద డిక్రీ తెచ్చుకున్నా వసూలు కాదు. పేరు, ఆఫీసు, బ్యాంకు ఖాతా ఉన్నది అగ్రిగేటరుకు. పైరసీ వల్ల చూసినవాళ్లు లేరని వాళ్లు మీకు ఫోన్లో చెప్పారు. అది కాగితం మీద చెప్పాలి. ఎంతమంది ఎన్ని గంటలు చూశారో లెక్కలు ఇవ్వాలని, పైరసీని ఆపడానికి వాళ్లు ఏం చేశారో చెప్పాలని 15 రోజుల గడువుతో వకీలు నోటీసు పంపించండి. అగ్రిమెంటులో ఆర్బిట్రేషన్ క్లాజు, అంటే తగాదాను కోర్టు బయట ఆర్బిట్రేటరు దగ్గర తేల్చుకోవాలన్న షరతు ఉంటే వాటా డబ్బు వ్యవహారం ఆ దారిలో వెళ్తుంది. లేకపోతే వాణిజ్య న్యాయస్థానంలో దావా. డబ్బు మాత్రమే అడిగితే ముందు మధ్యవర్తిత్వానికి (మీడియేషన్‌కు) వెళ్లడం తప్పనిసరి, అక్కడ గడిచిన కాలం లిమిటేషన్‌లో లెక్కకు రాదు. పైరసీ లింకుల మీద అత్యవసర ఇంజంక్షన్ కోరే దావాకు మధ్యవర్తిత్వం అక్కర్లేదు. ఆ దావాలో మీ భార్య, మీరు వాదులుగా, అగ్రిగేటరును ప్రతివాదిగా చేర్చి, వెబ్‌సైటుతో పాటు పేరు తెలియని అప్‌లోడర్లను కూడా చేర్చవచ్చు. ఈసారి వెబ్‌సైటుకు కొత్త లింకుల మీద మీ భార్య పేరుతో ఫిర్యాదు పంపేది దావా కాగితాలు సిద్ధమయ్యాకే. ఫిర్యాదు అందిన రోజు నుంచే 21 రోజుల లెక్క మొదలవుతుంది.

వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు అగ్రిమెంటు, 4 లక్షలు పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, నటీనటులతో, స్టూడియోతో చేసుకున్న ఒప్పందాలు, వాటికి డబ్బు కట్టిన రసీదులు, టైటిల్స్ ఉన్న కాపీ తీసుకెళ్లండి. ఆ ఒప్పందాల మీద ఎవరు సంతకం చేశారో ముందే చూసుకోండి. మీ భార్యను తప్పకుండా వెంట తీసుకెళ్లండి.