స్క్రీన్ సంగతి తర్వాత, ముందు ఆ డిస్క్ వయసు చూడండి

ప్రశ్న: మాది ఖమ్మం. 2024 అక్టోబరు 5న సికింద్రాబాద్‌లోని ఒక షాపులో మా అబ్బాయికి గేమింగ్ కంప్యూటర్ అసెంబుల్ చేయించాను. ధర 1,12,000 రూపాయలు. 70,000 యూపీఐలో, మిగతాది నగదుగా ఇచ్చాను. బిల్లు లేదు, ఎస్టిమేట్ స్లిప్ ఉంది. కొన్ని నెలలకే గేమ్ మధ్యలో స్క్రీన్ నల్లబడటం మొదలైంది. ఇప్పుడు రెండు టీబీ హార్డ్ డిస్క్ టకటకమంటూ ఫోల్డర్లు తెరవడం లేదు. పోయిన మా నాన్నగారి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, నిద్ర పట్టడం లేదు. షాపతను మొదట ‘క్యాబినెట్ విప్పారు, వారంటీ పోయింది’ అన్నాడు. ఇప్పుడేమో పాత డిస్క్ తెచ్చిచ్చి, కాగితం మీద సంతకం పెడితే వేరే డిస్క్ ఇస్తానంటున్నాడు. ఒప్పుకోమంటారా? అబ్బాయి డిసెంబరు 5, 2025న తీసిన స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను.
– ఒక పాఠకుడు

జవాబు: ఒప్పుకోవద్దు. మీ ఉత్తరమంతా స్క్రీన్, ఫొటోలు, వారంటీ గురించే ఉంది. కేసు మాత్రం మీరు ఒక్క ముక్క కూడా రాయని చోట ఉంది. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రామ్ స్క్రీన్‌షాట్‌లో పసుపు రంగు ‘కాషన్’ (హెచ్చరిక) చూసి మీరు భయపడ్డారు. దానికి కుడివైపు పైన ‘పవర్ ఆన్ అవర్స్’ (డిస్క్ ఇప్పటిదాకా నడిచిన గంటలు) అని ఉంది చూడండి: 23,610 గంటలు. మీరు కొన్న రోజు నుంచి స్క్రీన్‌షాట్ తీసిన రోజు వరకు 426 రోజులు. రాత్రింబవళ్లు ఆపకుండా నడిపినా 10,224 గంటలే అవుతాయి. మిగతా 13 వేల పైచిలుకు గంటలు ఆ డిస్క్ ఎక్కడ తిరిగింది? మీ ఇంట్లో అయితే కాదు.

అంటే ఇది వారంటీ తగాదా కాదు. పాత సరుకును కొత్తదని అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. క్యాబినెట్ విప్పారా లేదా అన్నది ఇక్కడ పనికిరాని వాదన. స్క్రూలు విప్పినంత మాత్రాన డిస్క్ వయసు పెరగదు.

ఇప్పుడు అతని బేరం సంగతి. ఆ డిస్క్ అతని చేతికి వెళ్లిన నిమిషం నుంచి మీ దగ్గర కేసు ఉండదు. మీరు సంతకం పెట్టే కాగితంలో ‘ఇక ఎలాంటి క్లెయిమ్ లేదు’ అనే మాట తప్పకుండా ఉంటుంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌కూ పంపవద్దు. వాళ్లు మార్చి ఇస్తారేమో గానీ పాతది తిరిగి రాదు. ఫార్మాట్ కొట్టడం, యూట్యూబ్ చూసి చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు సరిచేసే విండోస్ ప్రోగ్రామ్) నడపడం లాంటి ప్రయోగాలు అసలే వద్దు. వాటితో సాక్ష్యం చెడుతుంది, ఫొటోలు వచ్చే అవకాశం కూడా పోతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. లక్ష పైన పెట్టి కొంటూ 18 శాతం జీఎస్టీ తప్పించుకోవడానికి ఎస్టిమేట్ స్లిప్‌తో సరిపెట్టుకున్నారు. స్లిప్ మీద ‘2 టీబీ హెచ్‌డీడీ’ అని తప్ప సీరియల్ నంబర్ లేదు. రేపు అతను ‘ఈ డిస్క్ నేనిచ్చింది కాదు, వీళ్లే ఎక్కడో మార్చారు’ అంటాడు. అతనికి మిగిలిన డిఫెన్స్ అదొక్కటే, దాన్ని మీరే చేతికి అందించారు. అయితే బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే సెక్షన్ కింద అతని తప్పే, కంప్లయింట్‌లో దాన్నీ రాయించండి.

ఆ డిస్క్ అతనిచ్చిందేనని సీరియల్ నంబర్‌తో చూపాలంటే పాత ఫోన్లన్నీ వెతకండి. కొన్న రోజు పిల్లలు ఫొటోలు తీయకుండా ఉండరు. డిస్క్ లేబుల్, లేదా షాపు అంటించిన స్టిక్కర్ కనిపించే ఫొటో ఒక్కటున్నా చాలు. షాపతను వాట్సాప్‌లో పంపిన పార్టుల లిస్టు, యూపీఐ చెల్లింపు వివరాలు డిలీట్ కాకుండా చూసుకోండి. ఆ సీరియల్ నంబర్‌ను తయారీ కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పటిదాకా ఉందో చూడండి. మీకు అమ్మకముందే అయిపోయిందని వస్తే ఆ పేజీ బంగారం.

అవతలి వకీలు ‘కొన్ని డిస్కులు గంటలు కాదు, నిమిషాలు లెక్కపెడతాయి’ అనవచ్చు. అలాంటి పాత మోడళ్లు నిజంగానే ఉన్నాయి. అందుకని కంప్యూటర్‌ను ఒక గంటో రెండు గంటలో ఆన్‌లో ఉంచి, ముందూ వెనకా ఆ అంకె ఎంత పెరిగిందో వీడియో తీయండి. సీరియల్ నంబర్, తేదీ అదే ఫ్రేములో పడాలి. తర్వాత డిస్క్ తీసి పక్కన పెట్టేయండి. ఈ వీడియోలకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ) జతచేయించండి. వినియోగదారుల కమిషన్ అంత పట్టుబట్టకపోవచ్చు, అయినా లేదనిపించుకోవడం దేనికి?

ఈ గంటల అంకెను సున్నా చేసి అమ్మే ఘనులూ ఉన్నారు. 2025 మొదట్లో జర్మనీలో బయటపడ్డ వాడేసిన డిస్కుల వ్యవహారం అలాంటిదే. మీ షాపతను ఆ శ్రమ కూడా పడలేదు.

ఫొటోల కోసం డేటా రికవరీ వాళ్ల దగ్గరికి వెళ్లక తప్పదు. వీడియో తీశాకే వెళ్లండి. డిస్క్ విప్పకుండా ముందు కాపీ తీయడానికి ప్రయత్నించమనండి. సీరియల్ నంబర్, లోపం రాసిన రిపోర్టు లెటర్‌హెడ్ మీద అడగండి. ఆ ఖర్చు క్లెయిమ్‌లో కలుపుదాం. ఫొటోలకు లక్షల పరిహారం వస్తుందని మాత్రం ఆశపడకండి.

స్క్రీన్ నల్లబడటానికి ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె), గ్రాఫిక్స్ కార్డ్, చివరికి కేబుల్ కూడా కారణం కావచ్చు. మీరు పంపిన, విండోస్ లాగ్‌లోని ‘కెర్నల్ పవర్ 41’ ఎర్ర గుర్తు మెషీన్ సవ్యంగా ఆగలేదని మాత్రమే చెబుతుంది, ఎందుకో చెప్పదు. దాన్ని తేల్చాలంటే సెక్షన్ 38 కింద ల్యాబ్ పరీక్ష అడగాలి, ఫీజు ముందు మీరే కట్టాలి. కంప్లయింట్‌లో దాన్ని రెండో అంశంగా పెట్టండి, మొదటిదానితో కలపవద్దు.

గడువు సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. వారంటీ మూడేళ్లుంది కదా అని కూర్చోవద్దు, ఉత్తరాలు రాసినంత మాత్రాన గడువు ఆగదు. మోసం తెలిసిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు, కానీ ఆ వాదన అవసరం పడకుండా 2026 అక్టోబరు 5 లోపే వేయండి. సికింద్రాబాద్ తిరగక్కర్లేదు, మీరు ఉండేది ఖమ్మం కనుక ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, వినియోగదారుల కేసుల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలోనూ దాఖలు చేయవచ్చు. ఈ వారమే షాపుకు స్పీడ్ పోస్టులో 15 రోజుల నోటీసు పంపండి. డిస్క్ సీరియల్ నంబర్, 23,610 గంటల అంకె అందులో రాయండి. డబ్బు వాపసు, రికవరీ ఖర్చు అడగండి. నోటీసు అందాక అతను ఫోన్ చేస్తే, చెప్పేదేదో రాసి పంపమనండి.