పిల్ల ఎవరిదని అడిగినప్పుడు తండ్రి ఎందుకు పలకలేదు?

హన్మకొండ నుంచి ఒక సోదరి రాసిన లేఖలోని ముఖ్య విషయాలు ఇవి. ఆమె, ఆమె భర్త చాలా ఏళ్లుగా డాలస్‌లో ఉంటున్నారు. భర్తకు అమెరికా పౌరసత్వం ఉంది. సంతానం కోసం చికిత్సలు చేయించుకుని, వేములవాడలో కోడెను కట్టి, మేడారంలో మొక్కుకుని, చివరికి దత్తతకు సిద్ధపడ్డారు. ఇక్కడి ఒక శిశుగృహలోని మూడేళ్ల పాపను, దత్తతలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ 'కారా' వారికి చూపింది. పాప వంకర పాదాలతో పుట్టింది. కట్లు వేసి సరిచేశారు కానీ, ఇప్పటికీ రాత్రిపూట పట్టీల బూట్లు తొడగాలి. కారా నిరభ్యంతర పత్రం వచ్చింది. కలెక్టర్ ఉత్తర్వు వచ్చేలోగా పాపను తమ వద్ద ఉంచుకోవడానికి అనుమతి దొరకడంతో, ఈమె ఉద్యోగానికి సెలవు పెట్టి పాపతో అత్తగారింట్లో ఉంటున్నారు. భర్త తిరిగి వెళ్లిపోయారు. అత్తగారు పాపను పూజగదిలోకి రానివ్వరు, గోత్రం తెలియదంటారు. ఇంటిల్లిపాదీ మేడారం వెళ్లినప్పుడు మరిది కొడుకుకు ఎత్తు బంగారం (మేడారంలో బెల్లాన్ని అలాగే అంటారు) తూచారు. ఈ పాపను మాత్రం హన్మకొండలో పక్కింటివారి దగ్గర వదిలి వెళ్లారు. కాజీపేటలో జరిగిన ఒక పెళ్లిలో "ఈ పిల్ల ఎవలు?" అని బంధువులు అడిగితే అత్తగారు "తెలిసినోళ్ల బిడ్డ" అన్నారట. ఆ క్షణంలో వీడియో కాల్‌లో ఉన్న భర్త ఆ మాట విని కూడా ఏమీ అనలేదట. ఇంతలో ఫైలు ఒకసారి వెనక్కి వచ్చింది. డాలస్‌లో ఇల్లు మారినందువల్ల హోమ్ స్టడీకి, అంటే దత్తత తీసుకునేవారి ఇంటి పరిస్థితులపై ఏజెన్సీ ఇచ్చే నివేదికకు, కొత్త చిరునామాతో అనుబంధం చేర్చి పంపమన్నారు.

ఆమె అడిగిన ప్రశ్న ఇది: "పాపకు బంగారం తూచకపోవడం వల్లనే అమ్మవార్లు అలిగారా? తులాభారం ఇప్పుడే ఇవ్వాలా, కాగితాలన్నీ వచ్చాక ఇవ్వాలా? ఈ బిడ్డ మాకు రాసిపెట్టి లేదని దేవుడు చెబుతున్నాడా? నాకు ఇప్పుడు దీపం పెట్టాలన్నా మనసు రావడం లేదు."

అమ్మా, తులాభారం మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు ఇవ్వండి. దానికీ మీ ఫైలుకూ సంబంధం లేదు. దీపం సంగతి కూడా ఇప్పుడు నన్ను కలవరపెట్టలేదు. అలసిపోయిన మనిషికి దేవుడి మీద కినుక రావడం మన ఇళ్లలో కొత్త కాదు, అది పోతుంది కూడా. ఈ రెండింటికీ ఇంతకన్నా ఎక్కువ చోటు ఇవ్వను.

కానీ సమ్మక్క పేరును ఈ పాపకు అడ్డుగా నిలబెట్టడం నేను ఒప్పుకోలేను. నేనూ మేడారం వెళ్లేదాన్నే కనుక ఈ మాట అనే హక్కు నాకుందనుకుంటాను. ఆ తల్లి కథ మీ అత్తగారికి నాకన్నా బాగా తెలిసి ఉంటుంది. వేటకు వెళ్లిన కోయదొరలకు అడవిలో పులుల నడుమ ఆడుకుంటున్న పసిపాప కనిపించింది. గూడేనికి తెచ్చుకున్నారు, దొర ఆమెను కన్నబిడ్డలా పెంచాడు, ఆమె పగిడిద్దరాజుకు ఇల్లాలై, సారలమ్మకూ జంపన్నకూ తల్లై, కాకతీయ సేనలతో తలపడింది. ఆమెను కన్నవారెవరో, గోత్రమేమిటో ఈ కథలో లేదు, అది అడిగి మొక్కే భక్తుణ్ణి నేను చూడలేదు. దొరికిన బిడ్డను ఒక జాతి గుండెకు హత్తుకోవడంతో మొదలైన ఆ గద్దెల దగ్గరికి, దొరికిన బిడ్డను పక్కింట్లో వదిలి వెళ్లారు. అలిగే కారణం ఆ తల్లికి ఏదైనా ఉంటే ఇదే ఉండాలి. అయినా ఆమె అలక ప్రభుత్వ కార్యాలయంలో ఫైలు రూపంలో బయటపడుతుందని నేను నమ్మను.

గోత్రం గురించి ఒక మాట. 1956 నాటి హిందూ దత్తత చట్టమే దత్త హోమం తప్పనిసరి కాదని చెప్పింది. మీ దత్తత జరుగుతున్న 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం, ఉత్తర్వు వెలువడిన రోజు నుంచి పాప అన్ని విధాలా మీ బిడ్డే, అంటే మీ ఇంటి గోత్రమే ఆమె గోత్రం. పురోహితుణ్ణి పిలిచి హోమం చేయించాలని అత్తగారికి ఉంటే సంతోషంగా చేయించండి, కాదనకండి.

ఆలస్యం వెనక ఉన్న కారణాలు దైవికమైనవి కావు. విదేశీ దత్తత ముసుగులో పిల్లలను అమ్ముతున్నారన్న ఫిర్యాదులపై 1984లో సుప్రీంకోర్టు కఠినమైన నియమాలు పెట్టింది. అయినా 1999లోనూ 2001లోనూ మన నల్లగొండ తండాల నుంచి లంబాడా ఆడపిల్లలను కొని హైదరాబాద్ అనాథాశ్రమాల ద్వారా విదేశాలకు పంపే వ్యాపారం బయటపడింది. ఆ తరువాత దేశం 2003లో, విదేశీ దత్తతలకు సంబంధించిన హేగ్ ఒప్పందంలో చేరింది. ఇప్పుడు మీరు విసుక్కుంటున్న ప్రతి సంతకమూ, ఒకప్పుడు ఎవరో ఒక తల్లి ఒడిలోంచి బిడ్డను ధర కట్టి తీసుకుపోయారు కాబట్టే పెట్టిన సంతకం. ఈ జాగ్రత్త మీ పాపకూ రక్షణే. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టులకు బదులు జిల్లా మెజిస్ట్రేట్లే, అంటే కలెక్టర్లే, ఇస్తున్నారు; దరఖాస్తు అందిన రెండు నెలల్లోగా తేల్చాలని చట్టంలో ఉంది, కాని అందులో ఉండవలసిన పత్రాలు ఉన్నప్పుడే అది జరిగే పని. మీ మరిది చెప్పినట్టు సబ్ రిజిస్ట్రార్ దగ్గర దత్తత పత్రం రాయించుకుని తేలికగా ముగించాలన్న ఆలోచనను మాత్రం దగ్గరికి రానివ్వకండి. శిశుగృహ బిడ్డ విషయంలో నిర్ణీత పద్ధతిని తప్పితే మూడేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా వరకు శిక్ష ఉంది. అమెరికా వీసా దారి కూడా మూసుకుపోవచ్చు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ లేఖలో ఎక్కువ భాగం అత్తగారిపై ఫిర్యాదులే. కానీ చివరి పేజీలో, ఏదో పక్క సంగతిలా, "రాత్రి పాప బూట్ల పట్టీలు సరిగా ఉన్నాయో లేదో అత్తమ్మే లేచి చూస్తుంది" అని రాశారు. పూజగది గడప దాటనివ్వని ఆ మనిషే అర్ధరాత్రి లేచి ఆ పాదాలను తడిమి చూస్తోందంటే, ఆమె మనసులో ఏం జరుగుతోందో మీకు తెలియడం లేదా? ఆమెకు ఆ పిల్ల మీద ద్వేషం లేదు. తన ఇంట్లో తనకు చెప్పకుండా ఇంత పెద్ద నిర్ణయం జరిగిందన్న అవమానం ఉంది. మీరే రాశారు: హోమ్ స్టడీలో సామాజిక కార్యకర్త ఇంటివారి అభిప్రాయం అడిగితే మీ భర్త "మా అమ్మ సంతోషంగా ఒప్పుకుంది" అని చెప్పారు; అప్పటికి ఆమెకు విషయమే తెలియదు. పాపను చూపిన తరువాత, ఒప్పుకోవడం తప్ప మరో మాటకు తావు లేని సమయంలో ఆమెకు ఫోన్‌లో చెప్పారు. తండ్రి లేని ఇంట్లో పరకాల వైపు పత్తి చేలల్లో కష్టపడి ఇద్దరు కొడుకులను చదివించిన తల్లికి ఇది చిన్న గాయం కాదు. పెళ్లిలో ఆమె నోట వచ్చిన మాట తప్పే. అయితే ఆ తప్పును ఆమె ఒక్కతే మోయవలసిన పని లేదు.

మీ సమస్య మీ భర్త. ఆయన చెడ్డవారని నేననడం లేదు. ప్రతి సాయంత్రం ఫోన్ చేస్తారు, డబ్బు పంపుతారు, "కొన్నాళ్లు సర్దుకో" అంటారు. మన ఇళ్లలో ఇలాంటి మగవారిని మంచివారనే అంటాం, తల్లి ముందు నోరెత్తని కొడుకును మరీ మంచివాడంటాం. కానీ ఈయన తల్లికి భయపడి ఆమెతో అబద్ధమాడారు, సామాజిక కార్యకర్తతోనూ అబద్ధమాడారు, పెళ్లిలో నలుగురి ముందు తన కూతురు మరెవరి బిడ్డో అయిపోతుంటే వేల మైళ్ల దూరం నుంచి చూస్తూ ఊరుకున్నారు. తల్లి మాటను అక్కడికక్కడే సరిదిద్దితే ఆమె పరువు పోతుందనుకున్నారేమో. "అమ్మా, అది నా బిడ్డ అని చెప్పు" అని మెల్లగా ఒక్క మాట అంటే ఎవరి పరువూ పోయేది కాదు. కాగితం మీద ఎన్ని చోట్ల కావాలంటే అన్ని చోట్ల "తండ్రి" అని సంతకం పెట్టిన మనిషికి, కాజీపేట బంధువుల ముందు ఆ మాట నోటితో చెప్పడం కష్టమైంది. అత్తగారు ఎటూ తేల్చుకోలేకపోవడానికీ, మరిది ఉచిత సలహాలు ఇవ్వడానికీ, మీరు దేవుడి సంకేతాలు వెతుక్కోవడానికీ కారణం ఆ మౌనమే. ఇంటి పెద్దకొడుకు నోట స్పష్టమైన మాట రాని ఇంట్లో అందరూ తమకు తోచిన అర్థం తీసుకుంటారు.

ఇంకొకటి. హోమ్ స్టడీ అనుబంధం కోసం ఏజెన్సీవారు ఇంటికి వచ్చి చూడాలి, దానికి ఆయన ఒక తేదీ ఇవ్వాలి. మీరు అడిగినప్పుడల్లా "పని ఒత్తిడి, చూస్తాను" అంటున్నారని మీరే రాశారు. మీరు మేడారంలో వెతుకుతున్న అడ్డంకి డాలస్‌లో మీ ఇంటి బల్ల మీద ఉంది. ఆయన మరిచిపోతున్నారా, లేక మనసులో ఎక్కడో ఆ కాగితం వెళ్లకపోతేనే మేలని ఉందా అన్నది నాకు తెలియదు. మీకూ తెలియదు, అందుకే ఆ అనుమానాన్ని ఆయన మీద పెట్టలేక దేవుడి మీద పెట్టారు. భర్తను అడగవలసిన ప్రశ్నను అమ్మవారిని అడుగుతున్నారు.

ఆ ప్రశ్న ఆయననే అడగండి. "ఈ పాప మీకు కావాలా, నా కోసం ఒప్పుకున్నారా?" అని సూటిగా, కోపం లేకుండా, ఏడవకుండా అడగండి. ఇది అడగడానికి సరైన సమయం ఉత్తర్వుకు ముందే. దత్తత జరిగాక అది అంత తేలికగా తెంచుకోలేని బంధం. ఒకసారి ఇల్లు చూసి, తిరిగి శిశుగృహకు వెళ్లవలసి వచ్చిన పిల్ల పడే బాధ ఎంతటిదో నేను ఇలాంటి పిల్లల్లో చూశాను. అందుకని, ఆయన మనసులో సంశయం ఉంటే ఇప్పుడే బయటికి రావాలి. సంశయం ఉన్నంత మాత్రాన ఆయన తండ్రి కాలేరని కాదు. చాలామంది మగవారు పిల్ల జ్వరంతో ఒళ్లో పడుకున్న రాత్రి తండ్రులవుతారు, ఆయనకు ఆ రాత్రులు ఇంకా రాలేదు. ఆయన సెలవు పెట్టి పదిహేను రోజులైనా ఇక్కడికి రావాలి. బూట్లు తొడగడం, రాత్రి ఏడిస్తే ఎత్తుకోవడం ఆయనే చేయాలి, అత్తగారు చూస్తుండగా చేయాలి.

వచ్చినప్పుడు ఆయన చేయవలసిన మరో పని ఉంది. తల్లి దగ్గర కూర్చుని, ఆమెకు ముందు చెప్పకపోవడం తన పొరపాటని ఒప్పుకోవాలి. మీరు పక్కన ఉండకండి. అది తల్లీకొడుకుల మధ్య తేలవలసిన మాట, కోడలు సాక్షిగా ఉంటే అత్తగారు తగ్గలేరు. ఆ తరువాత పెదనాన్నలకు, మేనమామలకు ఆయనే స్వయంగా ఫోన్ చేసి "మాకు కూతురు వచ్చింది" అని చెప్పాలి. ఆ పని మీ చేతో, తల్లి చేతో చేయించకూడదు. ఉత్తర్వు వచ్చి మీరు డాలస్ చేరాక కూడా రెండేళ్లపాటు, మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి, పాప ఎలా ఉందో నివేదికలు వెళ్తూనే ఉంటాయి. అప్పుడూ సామాజిక కార్యకర్తకు తోచిన జవాబులు చెప్పుకుంటూ పోవడం ఇక కుదరదు.

మిమ్మల్ని కూడా ఒక మాట అనక తప్పదు. ఆ పెళ్లిలో పాప చెయ్యి పట్టుకుని నిలబడింది మీరు. "తెలిసినోళ్ల బిడ్డ" అన్నప్పుడు మీరూ మాట్లాడలేదు. అత్తగారి మీద గౌరవం అని రాశారు, కానీ మూడేళ్ల పిల్లకు మాటలు అర్థమవుతాయి, పైగా ఇల్లు మారిన పిల్లలు తమ గురించి పెద్దలు అనుకునే ప్రతి మాటకూ చెవి ఒగ్గుతారు. ఇకమీదట ఎవరడిగినా, అత్తగారు పక్కనే ఉన్నా, "మా అమ్మాయి" అని మీరే ముందు చెప్పండి. దానికి కలెక్టర్ ఉత్తర్వు రావలసిన అవసరం లేదు. అత్తగారు ఆ పూట మూతి ముడుచుకుంటే ముడుచుకోనివ్వండి, రాత్రి పట్టీలు చూడటానికి ఎలాగూ ఆమే లేస్తుంది.

అనుబంధం విషయంలో ఆయన కోసం కాచుకుని కూర్చోకండి. దరఖాస్తుదారుల్లో మీరూ ఒకరు. ఏజెన్సీకి ఈ రాత్రే మీ పేరుతో ఈమెయిల్ రాసి, వారు ఎప్పుడు రాగలరో మూడు తేదీలు అడగండి, ఆయనకూ ఒక ప్రతి పంపండి. వాటిలో ఒకటి ఈ ఆదివారంలోగా ఖాయం చేయమని ఫోన్‌లో చెప్పండి. చేయకపోతే, ఎందుకు చేయలేదో అప్పుడే, ఆ ఫోన్‌లోనే అడగండి.