ఒక్క లైటు కొనండి, గొడుగు మాత్రం పెద్దది

ప్రశ్న: ఇంట్లో ఒక గదిలో పోర్ట్రెయిట్ ఫొటోలు తీయడం నేర్చుకుంటున్నాను. కెమెరా, 50 ఎంఎం లెన్స్ ఉన్నాయి. ఎక్కువ ఖర్చు పెట్టలేను. మూడు ఎల్‌ఈడీ లైట్లు, స్టాండ్లు, బ్యాక్‌గ్రౌండ్ బట్ట కలిపి ఒక చౌక కిట్ చూశాను. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఆ డబ్బుతో ఒక మాన్యువల్ ఫ్లాష్ (పవర్ చేత్తో సర్దుకునేది), దానికి రేడియో ట్రిగ్గర్ (వైరు లేకుండా కెమెరా నుంచి ఫ్లాష్‌ను మెరిపించేది), ఒక స్టాండ్, ఫ్లాష్ వెలుగును పరిచి మెత్తబరిచే ఒక మీటరు వెడల్పున్న తెల్ల గొడుగు తీసుకోండి.

చిన్న లెక్క చూడండి. 60 వాట్ల ఎల్‌ఈడీ సెకనుకు 60 జౌళ్ల కరెంటు వాడుతుంది. మీ షట్టర్ తెరుచుకునేది సెకనులో 125వ వంతు అనుకుంటే, ఫొటోకి దక్కేది అర జౌలు కూడా కాదు. కెమెరా మీద తగిలించే మామూలు ఫ్లాష్ ఫుల్ పవర్‌లో అరవై జౌళ్లకు అటూ ఇటూగా ఒక్క మెరుపులోనే వదిలేస్తుంది. చౌక ఎల్‌ఈడీలతో తీసినప్పుడు ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచాల్సి వచ్చి ఫొటో గరగరలాడేది ఇందుకే. వీడియో కూడా తీస్తానంటే మాత్రం ఎల్‌ఈడీయే దిక్కు. అప్పుడైనా మూడు నాసిరకంవి కాకుండా సీఆర్ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే, వందకు లెక్కించే అంకె) 95 దాటినది ఒక్కటి కొనండి. లేకపోతే చర్మం పాలిపోయినట్టు పడుతుంది, ఎడిటింగ్‌లోనూ సరిగ్గా కుదరదు.

ఇక గొడుగు. ముఖం మీద నీడ మెత్తగా పడాలంటే లైటు ఖరీదైనది కానక్కర్లేదు, ముఖానికి పెద్దగా కనిపించాలి. కాబట్టి గొడుగును ఫ్రేములోకి రానంత వరకూ దగ్గరకు జరపండి, కంటికన్నా కాస్త ఎత్తులో, పక్కకు 45 డిగ్రీల్లో. అదే గొడుగును ఒక మీటరు నుంచి రెండు మీటర్ల దూరానికి జరిపితే వెలుగు సగం కాదు, దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది, నీడల అంచులూ గట్టిపడతాయి. రెండో వైపుకి ఇంకో లైటెందుకు? తెల్లటి థర్మాకోల్ షీటు నిలబెడితే చాలు, గొడుగు వెలుగునే తిప్పి ముఖం మీద వేస్తుంది.

గొడుగుతో ఒక చిక్కుంది. వెలుగు గదంతా చిందుతుంది. మీ గోడలు పచ్చగా ఉంటే ఆ పచ్చదనం బుగ్గల మీద కూర్చుంటుంది. అలాంటి గదైతే గొడుగు బదులు, వెలుగును ముందుకే పంపే గుడ్డ పెట్టె, అంటే సాఫ్ట్‌బాక్స్ తీసుకోండి.

టీటీఎల్ (ఫ్లాష్ పవర్‌ను కెమెరాయే సర్దే పద్ధతి) కోసం అదనంగా పెట్టకండి. కూర్చున్న మనిషికి పవర్ చేత్తో సర్దుకోవడం పది నిమిషాల్లో వస్తుంది. స్టాండ్ దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. గొడుగు తగిలించాక ఫ్యాన్ గాలికే నా మొదటి స్టాండ్ ఫ్లాష్‌తో సహా బోర్లా పడింది. అప్పటి నుంచి కింది కాళ్లకు ఇసుక సంచీ తప్పనిసరి.

ప్రశ్న: ఫ్లాష్‌తో తీసిన ఫొటోల్లో ఒక పక్క నల్లటి పట్టీ వస్తోంది. ఫ్లాష్ పాడైందా?

జవాబు: టెన్షన్ పడకండి, ఫ్లాష్ బాగానే ఉంది. షట్టర్ వేగం ఎక్కువ పెట్టారు. చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250 దాటితే సెన్సర్ ఒక్కసారిగా పూర్తిగా తెరుచుకోదు. ఫ్లాష్ మెరిసే క్షణానికి షట్టర్ తెర కొంత భాగాన్ని కప్పేసి ఉంటుంది, ఆ నీడే మీ పట్టీ. 1/160కి దించి చూడండి.